పాఠశాల వీడు బాలుర భావికథ

ఏఁటేఁట వేసవికి ముందు ఉన్నతపాఠశాలలలోఁ గడపటి తరగతివారికి వీడుకోలుసభ జరుగుచుండును. ఆ సభకై పాఠశాలపండితుఁడు నాలుగైదు పద్యములు వ్రాసి చదువుట యాచారము. ఆ పద్యములలో నొకఁడు న్యాయవాది యగును. ఒకఁడు వైద్యుఁ డగును. గణితమున నూటికి నూఱు తెచ్చుకొన్నవాఁడు వంతెనలు కట్టును. ఇంపుగాఁ బాడు బాలిక సంగీతవిదుషి యగును. అల్లరివాని వంతు వచ్చినపుడు పండితుఁడు కొంత తటపటాయించి, వాఁడు నాయకుఁ డగునని చెప్పి సభను నవ్వించును. ఈ వ్యాసకర్తయు నట్టి పద్యములు పెక్కు వ్రాసినవాఁడే. వానిని గావ్యములని యెవ్వరును దలంపరు, వ్రాసినవాఁడును దాఁచుకొనఁడు. ఐనను సాహిత్యవిమర్శకుఁడు విచారింపఁదగిన ప్రశ్న యొకటి వానియందుఁ గలదు. ఎదుట నిలిచియున్న మనుష్యుని గూర్చి, వాఁడు వినుచుండఁగా, ఇంకను జరుగని కథను జెప్పుట యెట్లు? చెప్పువాని కందుల కధికార మేమి?

ఈ ప్రశ్నకు వ్యాకరణమే మొదటి ద్వారము. చిన్నయసూరి బాలవ్యాకరణమున భూతభవిష్యద్వర్తమానములకుఁ దోడుగాఁ దద్ధర్మ మను నర్థమును వేఱుగా గ్రహించినాఁడు. పాడును, చదువును, వండును అనునవి తద్ధర్మార్థకములు. ఇందుఁ గ్రియ యొక కాలమునకుఁ గట్టువడక కర్తయొక్క స్వభావమును దెలుపును. కోయిల పాడును అన్నప్పుడు అది రేపు పాడునని చెప్పుట కాదు; పాడుట దాని ధర్మమని చెప్పుట. కాని వ్యవహారమున నీ రూపమే భావికిని జెల్లుచున్నది. రేపు చుట్టము వచ్చును అని యందుము. ఇఁక భవిష్యదర్థమునఁ జెప్పఁబడిన ‘చేయఁగలఁడు’ అను రూపము సామర్థ్యమునుగూడ బోధించును. ఈతఁడు పద్యము వ్రాయఁగలఁడు అన్న వాక్యమునకు, వ్రాయు శక్తి గలవాఁడనియు, ఇఁకమీఁద వ్రాయుననియు రెండర్థములు. సంస్కృతమున లృట్టును, లుట్టును, ఆశీర్లిఙ్ఙును వేఱువేఱుగా నుండుటచేఁ బ్రయోక్త యెచ్చట నిలిచి పలుకుచున్నాఁడో తెలియును. తెలుఁగున స్వభావము, సామర్థ్యము, భావి యొకదాని యింట నొకటి కాపురముండును.

వీడుకోలు పద్యము బ్రదుకుచున్నది యీ యిరుగుపొరుగు తనముమీఁదనే. పండితుఁడు బాలుని స్వభావమును జూచి ‘చేయును’ అనును. సభ దానిని భావిగా వినును. తండ్రి సామర్థ్యముగా విని మఱునాఁడే ఋణదాత కడకుఁ బోవును. తల్లి యాశీస్సుగా వినును. బాలుఁ డెట్లు వినునో యెవ్వరును విచారింపరు. ఇట్టి రచనల గుణదోషముల నెంచుట కొక గీటురాయి కావలెనన్న నాకుఁ దోఁచిన దిది: కవి బాలుని స్వభావమును వాని భావిగాఁ జెలామణి చేయుచున్నాఁడా, లేక రెండింటి నడుమ నున్న యెడమును గుర్తించి పలుకుచున్నాఁడా?

జరుగఁబోవు కథను జెప్పుట మన వాఙ్మయమునకుఁ గ్రొత్త కాదు. పురాణములలోఁ గలియుగరాజవంశములు భవిష్యత్తుగాఁ జెప్పఁబడినవి. వానిలో నాంధ్రరాజులును గలరు. చరిత్రకారు లా పట్టికలను జరిగిన చరిత్రకు సాధనములుగా వాడుకొందురు. ఏలయన వానిని గూర్చినవారు జరిగినదానిని దెలిసికొని భవిష్యద్రూపమున వ్రాసిరి. ఇది వెనుకకుఁ జూచుచు ముందుకు నడచు నడక. దీనికిఁ బూర్తిగా వేఱైనది పింగళి సూరన కళాపూర్ణోదయము. అందు బ్రహ్మ సరస్వతితోడి ప్రణయకలహసందర్భమున నొక కథను గల్పించి చెప్పును. చెప్పునప్పటికిఁ గథానాయకుఁడు పుట్టనేలేదు. బ్రహ్మవాక్కు గావున నా కథ భూలోకమున జరిగి తీరును. సూరన కథాకౌశలమును గూర్చి విమర్శకులు చాల వ్రాసినారు. నా కిచ్చటఁ గావలసిన దొక్కటియే. చెప్పినది చెప్పినట్లు జరుగవలెనన్నఁ జెప్పువాఁడు సృష్టికర్త కావలెనని యా కవి యెఱుఁగును.

వీడుకోలుసభలోని పండితుఁడు పురాణకర్తవలె జరిగినది చూచినవాఁడు కాఁడు, బ్రహ్మయుఁ గాఁడు. అతనికిఁ జుట్టఱికము గలవాఁడు మూఁడవవాఁడు, అశ్వఘోషుని బుద్ధచరితములోని యసితుఁడు. ఆ ముని శిశువును జూచి కన్నీరు పెట్టుకొనును. బిడ్డకుఁ గీడేమో యని రాజు కలఁతపడఁగా, శిశువునకు భయము లేదనియు, అతఁడు బోధింపఁబోవు ధర్మమును వినుటకుఁ దానుండననియే యేడ్చుచున్నాననియు నసితుఁడు చెప్పును. బాలుర భావిని నిడువుగా నూహించువాఁడు ప్రాయికముగా దానిని జూడనివాఁడే. ఉపాధ్యాయుల వీడుకోలుపలుకులలో నప్పుడప్పుడు గొంతు వణఁకుటకుఁ గారణ మిదియే కావచ్చును. పద్యములో మాత్ర మది కానరాదు.

అమెరికాదేశమున నీ యాచారము ప్రత్యేకరచనగా నేర్పడినది. పందొమ్మిదవ శతాబ్దిని అచ్చటి కళాశాలలలో చదువు ముగించువారి యుత్సవమునఁ దరగతిచరిత్రమును, తరగతిపద్యమును, తరగతి భవిష్యవాణియుఁ జదువుచుండిరి. పిదప నది యున్నతపాఠశాలలకు దిగి, అవి యేఁటేఁటఁ బ్రకటించు సంచికలలో నచ్చుపడసాగెను. తరగతివారందఱును గలసి క్రిందితరగతివారికిఁ దమ యాస్తి పంచియిచ్చు హాస్యపు వీలునామాయు దాని ప్రక్కనే యుండును. భవిష్యవాణి నడక యించుమించుగా నొక్కటే. వక్త నిద్రించి కలఁ గనును. కానిచో గాజుగోళమునఁ జూచును. కానిచో నిరువదియేండ్లకుఁ దరువాత నొక మహానగరమున దిగి, వీధిలో, అంగడిలో, నాటకశాలలోఁ దోఁటివారిని వరుసగాఁ గలసికొనును. నోరు మెదపనివాఁడు మహోపన్యాసకుఁడై యుండును. తరగతిలో నిద్రించువాఁడు పఱుపు లమ్ముచుండును.

ఇవి హాస్యమునకు వ్రాసినవి. వీనిని గావ్యతులతోఁ దూఁచుట న్యాయము కాదు. ఐనను రెండు మాటలు చెప్పవలెను. ఆ యిరువదియేండ్లలో నెవ్వఁడును జావఁడు, ఎవ్వని కొలువును బోదు, ఎవ్వరి యింటను జబ్బుపడిన బిడ్డ లేదు. కాలము గడచినట్లు చెప్పుదురే కాని కాలము పనిచేసినట్లు కానరాదు. పదునేడేండ్ల బాలుఁడే మీసము పెట్టుకొని పెద్దవాని వేషమునఁ దిరుగుచుండును. పైఁ జెప్పిన తద్ధర్మమున కింతకంటె నుదాహరణము దొరకదు. కాని వీనికొక గుణము గలదు. తరగతిలోని యొక్క పేరును విడువరాదని నియమము. మొదటివాఁడును గడపటివాఁడును సమముగాఁ దమ వాక్యమును బొందుదురు. మహాకవు లీ శ్రద్ధను జూపరు. దీనికి సాక్ష్యముగా నాంగ్లసాహిత్యమునఁ బాఠశాలబాలుర భావిని గూర్చిన ప్రసిద్ధకావ్యము, గ్రే రచించిన ఈటన్ గీతమును జూడవచ్చును.

థామస్ గ్రే 1725 మొదలు 1734 వఱకు ఈటన్ పాఠశాలలోఁ జదివెను. హొరేస్ వాల్పోలు, రిచర్డ్ వెస్టు, థామస్ ఆష్టన్ అను మువ్వురతోఁ గూడి యొక చతుష్టయముగా నుండెను. 1741లో ఇటలీయాత్రయందు వాల్పోలుతోఁ గలహించి విడిపోయెను. 1742 జూన్ 1వ తేదిని వెస్టు చనిపోయెను. వాని వయస్సు 25 ఏండ్లు. ఆ వార్త తెలియక గ్రే తన వసంతగీతము నాతనికిఁ బంపెను. అప్పటికే మిత్రుఁడు లేఁడు. ఆ యేఁటి ఆగస్టు మాసముననే యీ గీతము పుట్టెను. పదేసి పాదముల పది చరణములు. 1747లో డాడ్స్లీ దానిని గర్తపేరు లేకయే ప్రకటించెను.

కథాక్రమ మిది. కవి దూరమునుండి పాఠశాల శిఖరములను జూచును. థేమ్సు నదిని సంబోధించి, ఇప్పుడు నీ నీటిలో నీఁదువా రెవ్వరు, చక్రము దొర్లించువా రెవ్వరు, బంతి యాడువా రెవ్వరు అని యడుగును. బాలురు తమ గతి నెఱుఁగక యాడుకొనుచుందురు. వారి చుట్టును మాటువేసి యున్న మూఁకలను బిదపఁ జూపును. కోపము, భయము, సిగ్గు, అసూయ, నిరాశ మున్నగు వికారములు రూపుదాల్చి యొక్కొక్క గుంపును బట్టుకొనును. పిమ్మట రోగములు, దారిద్ర్యము, ముదిమి మృత్యువు పరివారముగా వచ్చును. తుదకు, ఇది యంతయు వారికిఁ దెలుపుట యెందులకని కవి విరమించును. ఆ కడపటి మాట యాంగ్లేయులలో సామెతయై, పద్యము చదువనివారి నోటఁగూడఁ బలుకుచున్నది.

జాన్సన్ పండితుఁడు 1781లో గ్రే చరిత్రమున దీనిని దయలేక విమర్శించెను. ఈటన్‌ను జూచినవాఁ డెవ్వఁడైనఁ దలంచునదే గ్రే తలంచెననియు, చక్రము నెవ్వఁడు దొర్లించుచున్నాఁడని నది నడుగుట వ్యర్థమనియు, అది తెలిసికొనుటకు నదికిఁ గవికంటె నెక్కువ సాధన మేమియు లేదనియు నాతని యాక్షేపము. రెండవ యాక్షేపము నవ్వు పుట్టించును గాని నిలువదు. నది యెఱుఁగదని గ్రే యెఱుఁగును. తాను చదివిన కాలమున నా నీటిలో నీఁదిన నలువురలో నొకఁడు మన్నయ్యెను, ఒకఁడు పగవాఁ డయ్యెను. ప్రశ్న జవాబుకొఱకుఁ గాదు. గ్రే యడుగుచున్నది ఇప్పటి బాలుర పేర్లు కాదు, ఆ చోట నిప్పు డున్నది తాము కాము గదా యని. మేఘునికి సందేశ మందునా యని యడుగు పండితునకు మనము చెప్పు జవాబే యిచ్చటను జెల్లును.

కాని మొదటి యాక్షేపమునఁ గొంత సత్యము గలదు. జాన్సన్ చెప్పిన కారణముచేతఁ గాదు. గ్రే గీతమున నొక్క బాలునికిని ముఖము లేదు. కోపమునకు ముఖ మున్నది, అసూయకుఁ బండ్లున్నవి, పిచ్చికి నవ్వున్నది. బాలురు మాత్రము వీరు వారు అని పంచఁబడినారు. స్వభావభేద మిందు గణనకు రాదు. ఈఁదువాని కొక గతి, పిట్టను బంధించినవాని కొక గతి యని కవి చెప్పఁడు. ఎవ్వని కేది పడునో నియమము లేదు. అమెరికాబాలుర భవిష్యవాణిలో స్వభావమే భావి; ఇందు స్వభావము లేని భావి. మొదటిదానివలెఁ గాక యిది నిజమునకుఁ జేరువ యనిపించును; కాని యొక మూలమునఁ గవి మోసము చేసినాఁడు. తన దుఃఖమును బాలుర తలమీఁద నెత్తినాఁడు. ఇరువదియాఱవ యేఁట మిత్రుని గోలుపోయినవాఁడు, ఆ నష్టమును భవిష్యత్తనుచున్నాఁడు. పురాణకర్తలవలె జరిగినదానినే జరుగఁబోవుదానిగాఁ జెప్పినాఁడన్నమాట. పూర్ణచరణములు మూఁడు వికారములకును రోగములకును ధారపోయుటకంటె, వెస్టును గూర్చి యొక్క పాదము వ్రాసియున్న బాగుండెడిదని నా మనవి. ఆ కాలపు మర్యాద కది యొప్పదనువారు, అతఁడే యా వేసవిలో వెస్టును గూర్చి వేఱుగా నొక పదునాలుగు పాదముల పద్యము వ్రాసి పెట్టెలో దాఁచెనని గుర్తుంచుకొనవలెను.

ఇరువదవ శతాబ్దిని యీ పని కవుల చేతినుండి గణకుల చేతికిఁ బోయినది. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున నున్నతపాఠశాలలు ముగించువారినెల్ల వారి యాకాంక్షలను గూర్చి యడిగిరి. వారిలో మూఁడవవంతు, అనఁగా 10,317 మందిని ఏర్చి, 1975లోను, 1993 ప్రాంతమునను, 2004 ప్రాంతమునను, 2011లోను వారి బ్రదుకులను మరల మరల విచారించిరి. గ్రేట్ బ్రిటనులో 1958లో నొక వారమునఁ బుట్టిన బిడ్డల నెల్ల వెంటాడు మఱియొక విచారణ గలదు. ఆ బిడ్డలకుఁ బదునొకండేండ్లు వచ్చిన 1969లో, నీ కిప్పు డిరువదియైదేండ్లని యూహించి నీ బ్రదుకును వ్రాయుమని యడుగఁగాఁ బదుమూఁడువేలకుఁ బైఁబడి వ్యాసములు చేరినవి. ప్రశ్నలోని ‘ఇప్పుడు’ అను పదమును గమనింపుఁడు. భవిష్యత్తు నడిగినవారు వర్తమానమున వ్రాయు మనిరి. బిడ్డల కది సులభమని వారెఱిఁగినట్లున్నది.

విస్కాన్సిన్ విచారణఫలములలో నొకటి సాహిత్యవిమర్శకునిగూడ నిలుచుండఁబెట్టును. 1969లో సెవెల్, హాలర్, పోర్టెస్ అను మువ్వురు ప్రకటించిన వ్యాసమున, తలిదండ్రులును, ఉపాధ్యాయులును, మిత్రులును జూపు ప్రోత్సాహము విద్యార్థి యాకాంక్షను దిద్దుననియు, ఆకాంక్ష వాని చదువును, చదువు వాని పనిని దిద్దుననియు లెక్కలతోఁ జూపినారు. ఉపాధ్యాయుఁడు బ్రహ్మ కాఁడని పైన వ్రాసితిని. దానిని గొంత సవరించుకొనవలసియున్నది. బ్రహ్మపదవి లేదు గాని, దాని కచేరీలో నొక చిన్న గుమాస్తాగిరి యతనికిఁ గలదు. వీఁడు చేయఁగలఁడని యాతఁడన్నమాట కొందఱి విషయమునఁ గొంతవఱకుఁ జేయించినది. అతఁ డనని మాటయు నట్లే పనిచేసియుండును. ఆ విచారణయందే, సమానప్రజ్ఞ గల బాలురకంటె బాలికలకు ఉన్నతవిద్య తక్కువగా లభించినట్లు తేలినది. తరగతి భవిష్యవాణులలో బాలికలకుఁ దఱచుగాఁ బెండ్లియే భావిగాఁ జెప్పఁబడుటను దీని ప్రక్కన నుంచి చదువవలెను. హాస్యమని విడిచితిమి గాని, అది హాస్యముమాత్రమే కాదు.

ఉపాధ్యాయుని వాక్కు వేఱొక విధమునను నిజమగుట కలదు. 1914 జూలైలో ఇంగ్లండునందలి అప్పింగ్హాం పాఠశాల బహుమానోత్సవమును వేరా బ్రిటెన్ తన ‘టెస్టమెంట్ ఆఫ్ యూత్’ అను 1933 నాఁటి గ్రంథమున వర్ణించినది. ఆమె తమ్ముఁడు ఎడ్వర్డును, మిత్రులు రోలండ్ లైటన్, విక్టర్ రిచర్డ్సన్ అనువారును ఆ యేఁడే పాఠశాల విడుచుచున్నారు. రోలండునకు బహుమానములు పెక్కు వచ్చినవి. ప్రధానోపాధ్యాయుఁడు తన యుపన్యాసమున, దేశమున కుపయోగపడలేనివానికిఁ జావే మేలను భావము పలికెను. కొన్ని వారములకే యుద్ధము వచ్చెను. రోలండు 1915 డిసెంబరులోను, విక్టరు 1917 జూన్‌లోను, ఎడ్వర్డు 1918 జూన్‌లోను గతించిరి. ఆ వక్త భవిష్యత్తు చెప్పఁదలఁచినవాఁడు కాఁడు; నీతి చెప్పినాఁడు. వ్రాయునాఁటికి రచయిత్రికి జరిగినదంతయుఁ దెలియును. అయినను ఆ మధ్యాహ్నపుఁ దోఁటను, వచ్చినవారి దుస్తులను, బహుమానముల వరుసను దెలియనిదానివలెఁ జెప్పినది. గ్రే చేయలేనిది యిదియే.

ఈ విద్యలోఁ బరిపాకమునకు వచ్చినది నా యెఱుకలో థార్న్‌టన్ వైల్డర్ వ్రాసిన ‘అవర్ టౌన్’ అను నాటకము. 1938 జనవరిలోఁ బ్రిన్స్‌టన్ పట్టణమున మొదట నాడఁబడి, ఫిబ్రవరిలో న్యూయార్కు చేరినది. స్థలము న్యూహాంప్‌షైరులోని గ్రోవర్స్ కార్నర్స్ అను కల్పితపు చిన్నయూరు. మొదటి యంకము 1901, రెండవది 1904, మూఁడవది 1913. రంగాలంకారములు లేవు. మన నాటకముల సూత్రధారునివంటివాఁ డొకఁడు ప్రస్తావనతో నిష్క్రమింపక చివరివఱకు నిలిచి కథ నడుపును. జరిగినదియు జరుగఁబోవునదియు నాతనికిఁ దెలియును.

ఈ నాటకమున నిజముగా నొక తరగతి చదువు ముగించును. రెండవ యంకము మొదట సూత్రధారుఁడు ఘనక్షేత్రగణితమును, సిసిరో యుపన్యాసములును గడపటి పరీక్షలై ముగియుటతోడనే యీ యూరి యువజనము పెండ్లికిఁ దగుదుమని తలంతురని నవ్వుచుఁ జెప్పును. జార్జి వ్యవసాయకళాశాలకుఁ బోవలెనని యుండి మానుకొనును. ఎమిలీ తరగతిలోఁ దెలివిగలది. మొదటి యంకమున బడినుండి వచ్చి, నాఁడు లూసియానా ప్రాంతపుఁ గొనుగోలును గూర్చి చేసిన యుపన్యాసము కండెనుండి పట్టుదారము జాఱినట్లు సాగినదనియు, బ్రదుకంతయు నుపన్యాసము లిత్తుననియుఁ దల్లితోఁ జెప్పును. తల్లి విని యూరకుండును, కవియు నూరకుండును. ఆ మాట మరల నాటకమున వినరాదు. మూఁడవ యంకమున నామె ప్రసవమున మరణించి శ్మశానమున నితరమృతుల నడుమఁ గూర్చుండియుండును. ఇది తద్ధర్మమును భావి యనుకొన్న బాలిక వాక్యము. తప్పని కవి యెచ్చటను జెప్పఁడు. ప్రేక్షకునకు గుర్తుండిన నుండును, లేకున్న లేదు. చదువరులలోఁ బలువురు ఎమిలీ తన పండ్రెండవ జన్మదినమునకుఁ దిరిగివచ్చు ఘట్టమునకుఁ గన్నీరు పెట్టుదురు. ఆ యుపన్యాసపు మాటను మఱచుటయే నా కెక్కువ బాధ కలిగించినది.

ఇఁక జో క్రౌవెల్ అను బాలుని ఘట్టము. ఇది మొదటి యంకమున నొక పుట నిండదు. పదునొకండేండ్ల జో తెల్లవాఱుజామున వార్తాపత్రికలు పంచుచు వచ్చి వైద్యుఁడు గిబ్స్‌ను గలసికొనును. వాఁడు వెళ్లినపిదప సూత్రధారుఁడు ప్రేక్షకులవైపు తిరిగి వాని కథ చెప్పును. వాఁడు మిక్కిలి తెలివిగలవాఁడు. ఊరి యున్నతపాఠశాలలో మొదటివాఁడుగాఁ గృతార్థుఁ డయ్యెను. విద్యార్థివేతనముతో మాసచూసెట్సు శిల్పశాస్త్రకళాశాలకుఁ బోయి యచ్చటను మొదటివాఁ డయ్యెను. గొప్ప యింజనీయరు కావలసినవాఁడు. యుద్ధము వచ్చి ఫ్రాన్సులోఁ జనిపోయెను. ఆ చదువంతయు వ్యర్థమయ్యెనని సూత్రధారుఁడు ముగించును.

ఇందలి కాలప్రయోగమును బండితులు గమనింపవలెను. ఎదుట నున్నది 1901, చెప్పఁబడునది పదునేండ్లకుఁ బైఁబడిన తరువాతిది, క్రియలన్నియు భూతములు. సూత్రధారుఁడు ‘చేయును’ అనఁడు, ‘చేయఁగలఁడు’ అనఁడు. బ్రహ్మవలె జరుగఁబోవుదానిని జెప్పుచుఁ బురాణకర్తవలె జరిగినదానిగాఁ బలుకును. ‘కావలసినవాఁడు’ అను నొక్క రూపమునఁ దక్కినదంతయు నిమిడినది. వీడుకోలుసభలోఁ బండితుఁడు చెప్పిన భావి యది. కాని దాని ప్రక్కన జరిగిన భావి నిలిచినది. స్వభావమునకును గతికిని నడుమ నెడ మున్నదని మొదట వ్రాసితిని. వైల్డర్ దానిని వర్ణింపఁడు, ఒక్క కృదంతమున నిలువఁబెట్టినాఁడు.

చదువు వ్యర్థమయ్యెనను మాటను గొందఱు విమర్శకులు నాటకకర్త తీర్పుగా గ్రహింతురు. నేనట్లు తలంపను. అది యా యూరి వృద్ధులెవ్వరైన ననుమాట. సూత్రధారుఁడు సర్వజ్ఞుఁడైనను మాటతీరున నా యూరివాఁడే. మూఁడవ యంకమున ఎమిలీ యొక సామాన్యోదయమును మరలఁ జూడఁగోరి, చూచి యోర్వలేకపోవుట యీ తీర్పునకుఁ బ్రతివాక్యము. ఉదయమునకు ఫలము ఉదయమే యైనచో చదువునకు ఫలము చదువే కావచ్చును. ఇది నాటకమునం దెచ్చటను జెప్పఁబడలేదు, చెప్పియుండినఁ జెడియుండెడిది. చదువు చెప్పు వృత్తి గలవాఁడను గావున నే నిట్లు వాదించుచున్నానని యనువారుందురు. అది నిజమే.

ఆ కథకు ముందు నడచిన సంభాషణ నందఱును దాఁటిపోవుదురు. గిబ్స్ జోను వాని మోకాలు ఎట్లున్నదని యడుగును. ఆ మోకాలు వాన రాకను ముందుగాఁ దెలుపునని వాని నమ్మిక. నేఁడేమనుచున్నది, వాన కురియునా యని వైద్యుఁ డడుగును. కురియదని వాఁడు చెప్పును. నిశ్చయమా యని యడుగఁగా నిశ్చయమే యనును. నీ మోకా లెన్నఁడైనఁ బొరపడినదా యని యడుగఁగా లేదని చెప్పి, పత్రికలసంచి సవరించుకొని తక్కిన యిండ్లవైపు పోవును. అప్పుడే సూత్రధారుఁడు వాని కథ చెప్పుట. ముగియఁగనే పాలవాఁడు హౌయీ న్యూసమ్ తన గుఱ్ఱముతో వచ్చును. వైద్యుఁడును వాఁడును యెండను గూర్చియు, నెవరింటఁ బురుడు జరిగెనో యను వార్తను గూర్చియు మాటలాడుకొందురు.